తొంభై రెండు సీన్లు

"మీరు మా నాన్నగారి సినిమాని చంపేశారు!"

ఒక మధ్యాహ్నం ఫోనెత్తగానే విన్న మాట ఇది. హైటెక్ సిటీ కొత్తగా లేచి, నా తోటివాళ్లంతా అటు పరుగులు తీస్తున్న రోజులవి. నేను మాత్రం యూసుఫ్‌గూడలో చిన్న షాపు పెట్టుకుని కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. బండెక్కి పది నిమిషాల్లో ఫిల్మ్‌నగర్‌లో వాలాను.

ఆ గొంతు శ్రీనిధిది. డైలాగ్ రైటర్ బసవపున్నయ్యగారి అమ్మాయి. ఆయన చెబుతుంటే ఆరేళ్లుగా స్క్రిప్టులన్నీ టైప్ చేసేది తనే. ముందురోజు తను లేనప్పుడు వాళ్ల కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, "రాకెట్ లెక్క ఉరుకుతది సార్" అని గొప్పలు కొట్టి వచ్చాను. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుందా అని చూసే బుద్ధి లేకపోయింది నాకు.

స్క్రీన్ నిండా కొమ్ములూ తోకలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. తెలుగు ఒక్క ముక్క లేదు.

"నాలుగింటికి జూబ్లీహిల్స్‌లో ప్రొడ్యూసర్‌గారికి డైలాగులతో సహా వినిపించాలండీ. నాన్నగారు డైరెక్టర్ అవ్వడానికి ఇరవై ఏళ్లకి వచ్చిన ఛాన్స్ ఇది!"

"ఫికర్ చేయకుండ్రి మేడం. పాత సిస్టమ్ మళ్ల ఎక్కిస్త."

"ఎంతసేపు?"

"సాయంత్రం ఆరు... ఆరున్నర అయితది."

బసవపున్నయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. "కథంటే నోటితో చెప్పేస్తానమ్మా. ఇన్ని డైలాగులు ఎలా గుర్తుంటాయి?"

నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. శ్రీనిధి స్క్రీన్ దగ్గరికి జరిగింది. కాసేపు పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది.

"నువ్వు తలుపు తీస్తావని కాదురా. తట్టడం మానేస్తే నేను తల్లినెలా అవుతాను?"

నేను స్క్రీన్ మీదికి వంగి చూశాను. ఆ పిచ్చిగీతల్లోంచి ఒక తల్లి మాట్లాడుతోంది. ఎక్కడా తడబాటు లేదు.

"మీకెట్ల తెలుస్తుంది?"

"ఏ కీ నొక్కితే ఏ అక్షరమో నా వేళ్లకి తెలుసు. ఒక్కో కీకి ఇక్కడ ఒక్కో గుర్తు పడింది, అంతే కదండీ. ప్రింట్ తీయండి."

"గీ గీతలా?"

"గీతలే. నేను చదువుతా."

కంప్యూటర్ల గురించి అన్నీ తెలుసనుకున్నవాణ్ని, ఆ పిల్ల ముందు చిన్నవాణ్నయిపోయాను. అలా అయిపోవడం బాగుంది కూడా.

కాగితాల కట్ట పట్టుకుని తండ్రీకూతుళ్లు వెళ్లారు. బయట వాన మొదలైంది. నేను సీడీల మీద సీడీలు మారుస్తూ కూర్చున్నాను. ఆరు దాటాక స్క్రీన్ మీద తెలుగు గుండ్రంగా వచ్చి కూర్చుంది.

ఏడింటికి ఇద్దరూ తడిసి వచ్చారు.

"మధ్యలో ప్రొడ్యూసర్‌గారు కాగితం లాక్కుని చూశారయ్యా," అన్నారు బసవపున్నయ్యగారు. కళ్లు తుడుచుకున్నారు. "ఒక్క ముక్క అర్థంకాక, ఈ గీతల్లోంచా అమ్మాయి ఇంతసేపూ చదివింది అని లేచి నిలబడ్డారు. సినిమా ఓకే! ఆర్టిస్టులకి డైలాగ్ చెప్పడం మా అమ్మాయే నేర్పాలట."

శ్రీనిధి స్క్రీన్ చూసింది, నన్ను చూసింది. "ఎప్పుడు బాగైంది?"

"గంటయితంది."

"మరి వెళ్లలేదే? స్క్రిప్ట్ చదువుతూ కూర్చున్నారా?"

"ఒక్క లైన్ గూడ చదవలే. మీ గొంతులోనే వినాలని ఉంది."

శ్రీనిధి చెవులు ఎర్రబడ్డాయి. బసవపున్నయ్యగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"తొంభై రెండు సీన్లు బాబూ. ఒక్క రోజులో అవ్వవు."

"గందుకే సార్."

ఆయన పెద్దగా నవ్వి, టీ పెట్టమని చెప్పడానికి లోపలికి వెళ్లారు. శ్రీనిధి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సీన్ ఒకటి," అంది.