గంగలో పడిన తాళంచెవి

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఆ అపార్ట్‌మెంట్ల కింద, రెండో బేస్‌మెంట్‌లో, నీళ్ళ పంపు గది పక్కన ఒక మూల ఉంది. ఆ మూల పేరెత్తితే వాచ్‌మన్లు మాట మార్చేస్తారు.

అక్కడ పగలు కూడా రాత్రే. ట్యూబ్‌లైటు వేస్తే వారం తిరక్కుండా మాడిపోతుంది. స్లాబు పోస్తున్నప్పుడు ఓ కూలిమనిషి పడి చచ్చిపోయిందని, తెల్లారేలోగా పైన సిమెంటు పోయించేశారని చెబుతారు. ఎవరు చూశారయ్యా అంటే... ఎవరూ చూడలేదు. చూడనివాళ్ళే బాగా చెబుతారు.

ఆ మూలన పెట్టిన ఒక కారు తనంతట తనే మేలుకుంటుందట. కుయ్, కుయ్‌మని రెండుసార్లు అరుస్తుందట. పసుపు లైట్లు రెండుసార్లు కొట్టుకుంటాయట. తలుపుల లాకులు టక్కున లేస్తాయట... చుట్టూ చూస్తే మనిషి ఉండడట.

ఆ కారు సరళకుమారి వాళ్ళది.

సరళకుమారి నర్సు. ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసింది. ఎందరి కళ్ళో తన చేత్తో మూసింది. చచ్చినవాళ్ళు లేవరని ఆమెకు బాగా తెలుసు. ఆమెకు ఎప్పుడూ పేచీ బతికున్నవాళ్ళతోనే.

ఆ కారుని ఆమె భర్త పౌలురాజు దసరా ముందు కొన్నాడు. అమ్మింది తొమ్మిదో అంతస్తు సదాశివరావు. తెలుగు సమితి కార్యదర్శి. ఉగాది వస్తే మైకు వదలని మనిషి. కంపెనీ తనకి ఇంకా పెద్ద బండి ఇస్తోందని, అందుకే దీన్ని వదిలించుకుంటున్నానని అందరికీ చెప్పాడు.

“తాళంచెవి ఒక్కటే ఇచ్చారేంటండీ?” అని సరళ అప్పుడే అడిగింది.

“రెండోది హరిద్వార్‌లో గంగలో పడిపోయిందట. మనవాళ్ళని అవన్నీ నిలదీస్తామా?” అన్నాడు పౌలురాజు.

మనవాళ్ళు! ఢిల్లీలో కొత్తిమీర కట్ట విప్పి చూడందే కొనని మనిషి, ఎవరైనా తెలుగులో “బాగున్నారా?” అంటే చాలు, కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తాడు. ఆ ఒక్క తాళంచెవినీ పాస్టరుగారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించాడు. ఆ తర్వాత ఆదివారం చర్చికి తప్ప కారు బయటికి తీయలేదు. గీతలు పడతాయట. తను పనిచేసే హాస్పిటల్ బస్సులో తను పోతాడు. భార్య షేర్ ఆటోలో పోవాలి.

జనవరిలో ఒక సాయంత్రం. పొగమంచు. కరెంటు పోయింది. కారులో మర్చిపోయిన స్వెట్టర్ తెచ్చుకోవడానికి కూతురు అక్సా కిందికి వెళ్ళింది. పదో తరగతి పిల్ల. మార్చిలో బోర్డు పరీక్షలు.

చేతిలో తాళంచెవి ఉంది. ఇంకా బటన్ నొక్కలేదు.

కుయ్... కుయ్.

లైట్లు కొట్టుకున్నాయి. ఆ పసుపు వెలుగులో, ఖాళీ కారులో... ముందు సీట్లోంచి ఒక తల మెల్లగా లేచింది.

పిల్ల ర్యాంపు మీద పడుతూ లేస్తూ ఇంటికొచ్చింది. మోకాళ్ళు రెండూ చీరుకుపోయాయి. జ్వరం. కళ్ళు మూసుకుంటే ఒకటే మాట: “మమ్మీ, వో అందర్ థా... అందర్ బైఠా థా.” లోపల ఎవడో కూర్చుని ఉన్నాడట.

సరళ దగ్గర జ్వరానికి మందుంది. చుట్టూ చేరినవాళ్ళకి లేదు.

పౌలురాజు పాస్టరుగారిని పిలిచాడు. పాస్టరుగారు నూనె తెచ్చారు. తొమ్మిదో అంతస్తు నుంచి సదాశివరావు భార్య లీలావతి దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు పట్టుకొచ్చింది. నూనె తల మీద, మిరపకాయలు కాళ్ళ దగ్గర... మధ్యలో పిల్ల ఏమైపోతోందని చూసినవాళ్ళు లేరు.

సదాశివరావు కూడా వచ్చాడు. టీ తాగి, గొంతు తగ్గించాడు.

“ఆ మూల మంచిది కాదు చెల్లెమ్మా... నా దగ్గరున్నప్పుడూ ఇలాగే అరిచేది. భయపడతారని చెప్పలేదు. ఆదివారం పదిమంది ఉన్నప్పుడే కారు తీయండి. మిగతా రోజుల్లో అటు ఎవ్వరూ వెళ్ళకండి.”

దెయ్యం ఉందని తెలిసే అమ్మావన్నమాట, అనుకుంది సరళ. పైకి మాత్రం ఇంకో బిస్కెట్టు పెట్టింది.

నాలుగు రోజులకి పాస్టరుగారు తేల్చేశారు. ఇది ఇక్కడ వదిలేది కాదు, గోదావరి జిల్లాలో ఒక ప్రార్థనాశ్రమం ఉంది, నలభై రోజులు అక్కడ ఉంచాలి. పౌలురాజు తలూపాడు. శనివారం రైలుకి టికెట్లు తీసేశాడు.

“పరీక్షలో?” అంది సరళ.

“పరీక్షలు మళ్ళీ వస్తాయి. ఆత్మ మళ్ళీ వస్తుందా?”

అంటే పిల్ల ఏడాది పోతుంది. అంతటితో పోదు. ‘దెయ్యం పట్టిన పిల్ల’ అని పేరు పడితే, అది పెళ్ళిపీటల దాకా వెంట వస్తుంది.  సరళ మర్నాడు సెలవు పెట్టి, పొద్దున్నే కారు తీసి, సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళింది.

టై కట్టుకున్న కుర్రాడు ఆమె చెప్పింది విని పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

“మేడమ్, ఇది ఉత్త ఇనుప ముక్క కాదు. దీని తలలో చిప్ ఉంటుంది. కారు ఆ చిప్‌ని గుర్తుపడితేనే ఇంజను స్టార్టవుతుంది. బటనూ అంతే. కారుకి తెలిసిన రిమోట్ నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. భూత్‌కి రిమోట్ ఎవరిస్తారు?”

స్టీరింగు కింద ఏదో వైరు తగిలించి, చేతిలోని మిషను చూశాడు.

“ఈ కారుకి రెండు తాళంచెవులు తెలుసు. ఒకటి మీ చేతిలో ఉంది.”

“రెండోది పోయింది.”

“మీకు పోయింది. కారుకి పోలేదు. మేం చెరిపేసేదాకా అది దాన్ని గుర్తుంచుకుంటుంది.” గడియారం చూసుకున్నాడు. “చెరిపేయమంటారా? మీ దగ్గరున్నది ఒక్కటే పనిచేస్తుంది. కాసేపట్లో అయిపోతుంది.”

సరళ ఆలోచించింది. చెరిపేస్తే కారు ఇంక అరవదు. కానీ పాస్టరుగారు తన నూనె పనిచేసిందంటారు. మిగిలింది ఆశ్రమంలో పూర్తవ్వాలంటారు, రైలు టికెట్లు అలాగే ఉంటాయి.

“వద్దు,” అంది. “ఇప్పుడే వద్దు.”

గంగలో పడ్డ తాళంచెవి ఇందిరాపురంలో ఎవరి చేతికి తేలిందో ఆమెకు చూడాలనిపించింది.

శుక్రవారం. మర్నాడే ప్రయాణం. ఇంట్లో ఉపవాస ప్రార్థన. చీకటి పడుతుండగా హాలు నిండిపోయింది. పాస్టరుగారి గొంతు లిఫ్టు దాకా వినిపిస్తోంది. సరళ శాలువా కప్పుకుని మెట్ల మీదుగా దిగింది.

రెండో బేస్‌మెంట్... నల్లగా ఉంది. ఎక్కడో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. చివరి స్తంభం వెనక నిలబడింది.

ఎవరూ లేరు.

దెయ్యాలు లేవు. ఆమెకు తెలుసు. తెలిసినా... ఒకసారి వెనక్కి చూసుకుంది. తన మీదే ఆమెకు కోపం వచ్చింది.

కుయ్... కుయ్.

పసుపు వెలుగు గోడ మీద పడింది. పోయింది. మళ్ళీ పడింది. కారు దగ్గర మనిషి లేడు. లాకులు టక్కుమన్నాయి.

సరళ స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగింది.

పంపు గది వెనక నుంచి... మెత్తటి అడుగులు. మంకీ క్యాపు. మఫ్లరు. కారు తలుపు తెరుచుకుని మూసుకుంది. సీటు వెనక్కి వాలిన చప్పుడు. ఆ తర్వాత... దీర్ఘంగా ఒక నిట్టూర్పు.

సరళ నడిచి వెళ్ళి తలుపు లాగింది. లోపలి దీపం వెలిగింది.

మెడలో కంపెనీ ఐడీ కార్డు. ఒళ్ళో టిఫిను డబ్బా. డబ్బాలో చల్లారిన పులిహోర.

“అన్నయ్యగారూ... గంగలోంచి ఎప్పుడొచ్చారు?”

సదాశివరావు నోట్లోది మింగలేకపోయాడు.

“మెల్లగా... చెల్లెమ్మా, మెల్లగా. మా ఆవిడకి తెలీదు.”

“ఏం తెలీదు?”

“సెప్టెంబరులో ఉద్యోగంలోంచి తీసేశారు... నాతోపాటు మా ఫ్లోర్‌లో సగంమందిని.” గుసగుసలాడాడు. “రోజూ పొద్దున్నే డబ్బా కట్టిస్తుంది. దిగుతాను. ఎక్కడికి పోను? పార్కులో కూర్చుంటే ఎవరో ఒకరు చూస్తారు. ఇవాళ మీ ఇంటికొచ్చేవాళ్ళు బళ్ళు పెడుతుంటే ఇందాకటి దాకా పంపు గది వెనకే ఉన్నాను. మామూలుగా ఈ మూలకి ఎవరూ రారు.”

“రారు మరి. దెయ్యాన్ని కాపలా పెట్టారుగా.”

“ఆ రోజు పాప వస్తుందనుకోలేదు. నిద్రలో ఉన్నాను. అడుగుల చప్పుడుకి కంగారులో బటన్ నొక్కాను...”

“ఊఁ. తర్వాత మా ఇంటికొచ్చి, పిల్ల మంచం పక్కనే కూర్చుని టీ తాగారు. అదీ కంగారులోనేనా?”

సదాశివరావు జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

“ఇది తీసుకోండి. మళ్ళీ రాను. కానీ ఈ మాట ఇక్కడే... మీకు దణ్ణం పెడతాను. లీలావతి కూడా పైన మీ ఇంట్లోనే ఉంది.”

ఒక్క క్షణం సరళకు జాలేసింది. ఎవరో ప్రేమగా పల్లీలు ఎక్కువ వేసి కలిపిన పులిహోర అది. ఆ జాలి తనకి కలిగినందుకు రోత పుట్టింది. పదిహేనేళ్ళ పిల్ల పిచ్చిదైపోతున్నా నోరు విప్పని మనిషి, తన పరువు కోసం చేతులు జోడిస్తున్నాడు.

తాళంచెవి ఒక్కటే తీసుకెళ్ళి చూపిస్తే ఎవరు నమ్ముతారు? సైతానే తెచ్చిచ్చాడంటారు.

“నడవండి,” అంది.

“చెల్లెమ్మా...”

“రైలు పొద్దున్నే. నడవండి.”

 లిఫ్టు అద్దంలో సరళ అతని మొహం చూసింది. దెయ్యానికి ఇంతకన్నా కళ ఉంటుంది.

తలుపు తెరిచేసరికి ప్రార్థన మంచి ఊపు మీద ఉంది. పాస్టరుగారి చెయ్యి అక్సా నెత్తి మీద. పౌలురాజు మోకాళ్ళ మీద. అంతమందిని దాటించి, సరళ అతన్ని మంచం దగ్గరికి తోసింది. గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“అమ్మా అక్సా...” సదాశివరావు మంచం మీదికి వంగాడు. “ఆ రోజు కారులో ఉన్నది నేనేనమ్మా.”

అక్సా కళ్ళు తెరిచింది. అతని మొహంకేసి చూసింది.

“అంకుల్? ఆప్ థే? మీరేనా?”

నెత్తి మీది పాస్టరుగారి చేతిని పిల్ల తనే పక్కకి నెట్టేసింది. లేచి కూర్చుంది.

అందరూ పిల్లనే చూస్తున్నారు. మంచం కాళ్ళ దగ్గర, గుప్పెట్లో ఎండుమిరపకాయలతో, లీలావతి మాత్రం మొగుణ్ణే చూస్తోంది. ఐడీ కార్డు. టిఫిను డబ్బా. మంకీ క్యాపు.

“ఆ కారులో మీకేం పనండీ?” మెల్లగా అడిగింది. “ఆఫీసుకి... వెళ్ళడం లేదూ?”