చెదలకు ఒక సీసా

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే దారిలో, చెరుకు తోటల మధ్య రోడ్డు ఎడమకు తిరిగే చోట ఒక మోరి ఉంది. దాని కింద నీళ్లు పారేది ఏడాదికి నాలుగు రోజులు. పైన రెండు పక్కలా మోకాలెత్తు గోడలు. ఎడమవైపు గోడ నల్లగా ఉంటుంది. అది పొగచూరిన నలుపు కాదు... మెరిసే నలుపు. ఎండాకాలంలో కూడా ఆరదు.

అది సుమన్ నెత్తురు అంటారు. ఎన్ని వానలు పడ్డా పోలేదంటారు. పొద్దుగూకితే ఆ గోడకు చెమట పడుతుందంటారు.

అనేవాళ్లే గానీ, చెయ్యి పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు.

నిరుడు వానలకు ముందు సుమన్ అక్కడే బండి మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. ఆ తర్వాత అదే మలుపులో ఆరు బండ్లు పడ్డాయి. పడ్డవాళ్లలో ఎవరినడిగినా ఒకటే మాట — "బ్రేకు పట్టిన... ఎనక చక్రాన్ని ఎవరో గుంజినట్టయింది."

ఇంతవరకు అయితే ఏ ఊళ్లోనైనా చెప్పుకునే దెయ్యం మాటే. అసలు రోత దీని తర్వాతి సంగతి.

ఆ దారిలో తిరిగే పడుచువాళ్లు రెండు పార్టీలు. ఓట్ల పార్టీలు కావు, బండ్ల పార్టీలు. ఒక కంపెనీ బండి డుగుడుగుమంటుంది. అది కొన్నవాళ్లు డుగుడుగు పార్టీ. ఇంకో కంపెనీ బండి జుయ్యిమంటుంది. వాళ్లు జుయ్యి పార్టీ. ఒక బడిలో చదివినవాళ్లు, ఒక పళ్లెంలో తిన్నవాళ్లు, వరసకు బావలు, బామ్మర్దులు. బండి మాట వస్తే మాత్రం కోళ్ల మాదిరి మెడలు నిక్కిస్తారు. ఆ కంపెనీల వాళ్లు వీళ్ల పేరు వినలేదు, వీళ్ల ఊరు చూడలేదు. వీళ్లు మాత్రం ఆ పేరు చొక్కా మీద మోస్తారు, మెడ మీద పచ్చబొట్టు పొడిపించుకుంటారు. తలకు పెట్టాల్సిన హెల్మెట్ తీసుకుపోయి మోచేతికి తగిలిస్తారు.

సుమన్ డుగుడుగు పార్టీవాడు. అందుకని పడ్డ బండ్లకు కూడా క్రికెట్ మాదిరి స్కోరు పెట్టారు. "మీయి నాలుగు, మాయి రెండే! సుమనన్న మా దిక్కే ఉన్నడు" అని డుగుడుగువాళ్లు ఈలలు. ఆ నాలుగింటిలో పాలు పోసే రాజన్న బండి ఒకటి. ఆయన గూడ ఎముక విరిగి మూడు నెలలు మంచం మీదున్నాడు. ఏ పార్టీవాడో ఆయనకే తెలియదు. వీళ్లకు ఆయన ఒక అంకె. థూ!

దేవిదాస్‌కు బాన్సువాడలో చిన్న మెకానిక్ షాపు. పదేళ్లప్పుడు లారీల కింద వెల్లకిలా పడుకుని పని నేర్చాడు. నేర్పినవాడు అన్నం పెట్టేవాడు, తప్పు చేస్తే పానాతో మోకాళ్ల మీద కొట్టేవాడు. అట్లా పైకొచ్చిన మనిషికి ఈ పార్టీలు చూస్తే ఒళ్లు మండేది. "ఇంజన్ విప్పితే అన్ని కంపెనీలు ఒక్కతీరే కంపు కొడ్తయిరా" అనేవాడు.

ఆ శనివారం సాయంత్రం డుగుడుగు బిట్టు, జుయ్యి రాజీవ్ షాపు ముందు బెంచీ మీద చేరారు.

"బావా, నీ బండి మా ఇంటి ముంగటికెళ్లి పోతుంటే మా అవ్వ మిక్సీ బంద్ చెయ్యమని ఒర్లుతుంది" అన్నాడు బిట్టు.

"నీది వస్తుంటే మా బర్రె పాలు చేపుతలేదు. అది బండా, పిండి గిర్నీనా?" అన్నాడు రాజీవ్.

"గిర్నీనే. అయినా మోరి దాటుతది. నీది దాటుతదా చెప్పు?"

రాజీవ్ మొహంలో నవ్వు పోయింది. "పొద్దుగూకంగ గా మాటెందుకు తీస్తవ్‌రా..."

"మీ ఇద్దరి నోళ్లల్ల ఇంత గ్రీజు కుక్కాలె. లేవుండ్రి!" అన్నాడు దేవిదాస్.

లేచారు. పోయేముందు ప్రతి శనివారం అడిగేదే అడిగారు. "అన్నా, తలా ఒక సీసా పాత ఆయిల్ ఇయ్యి. చెదలకు."

ఇంజన్లలోంచి దించిన కాలిన ఆయిల్ షాపు వెనుక డ్రమ్ములో నిండుతూ ఉంటుంది. దూలాలకు, తలుపులకు పూస్తే చెద పట్టదని ఊళ్ల వాళ్లు పట్టుకుపోతారు. డ్రమ్ము ఖాళీ అయితే చాలని దేవిదాస్ ఎవరినీ ఏమీ అడగడు. మూతల్లేని మందు సీసాల్లో పోసి, మూతికి చీర పీలిక కుక్కి ఇస్తాడు. అవి ఆయన భార్య సంగీత పాత చీరలు. ఈ మధ్య చింపుతున్నది పచ్చ చీర, పసుపు పిందెల అంచుది.

"మీ ఇండ్లల్ల మనుషులున్నర్రా, చెదలే ఉన్నయా?" అన్నాడు సీసాలు అందిస్తూ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీసాలు చంకలో పెట్టుకుని పోయారు.

దేవిదాస్ దాన్ని పట్టించుకోలేదు. ఆయనకు వేరే ఫికర్ ఉంది. ఆయన ఇల్లు మోరి అవతలి ఊళ్లో. రోజూ పొద్దుండగానే మోరి దాటి ఇల్లు చేరతాడు, మధ్యలో ఆగడు. కూతురు వర్ష బాన్సువాడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆ రోజు నుంచే డ్యూటీ మారింది. విడిచేది రాత్రి తొమ్మిదికి. స్కూటీ మీద ఒక్కతే మోరి దాటి రావాలి.

పొద్దున ఇంట్లో అదే పంచాయితీ.

"నౌకరీ బంద్ చెయ్యి" అంది సంగీత.

"ఎన్ని తిప్పలు పడితే వచ్చిందమ్మా ఈ నౌకరీ! దయ్యానికి భయపడి ఇడిసిపెట్టాల్నా?"

"నువ్వే అంటివి గదనే... పట్టపగలు దాటినా ఆడ ఏదో వాసనొస్తదని!"

వర్ష గొంతు తగ్గింది. "వస్తదమ్మా. ఆ మోరి కాడికి రాంగనే... బాపు వాసనొస్తది."

సంగీత గుండె మీద చెయ్యి వేసుకుని మొగుడి వైపు తిరిగింది. "ఇన్నవా? మనోళ్ల వాసన వేసుకొని పిలుస్తది. ఆగిందంటే అయిపాయె!"

దేవిదాస్ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "రాత్రికి నేనే పోయి ఆడ నిలవడ్త. బిడ్డా, నువ్వు తొమ్మిది కొట్టినంక బయల్దేరు. మెల్లగ రా. నాకు ఏదన్న కనబడ్డదా, రేపటికెళ్లి నౌకరీ బంద్. కనబడలేదా, ఇగ ఈ ఇంట్ల దయ్యం మాట రావొద్దు."

సంగీత సరేనంది. వర్ష తండ్రి మొహమే చూస్తూ నిలబడింది. ఆమె బతుకంతా ఇప్పుడు ఆయన ధైర్యం మీద ఉంది.

ఎనిమిదిన్నర దాటాక దేవిదాస్ బయల్దేరాడు.

చివరి ఇండ్ల లైట్లు వెనుకబడ్డాయి. రెండు పక్కలా చెరుకు. పెద్దగా గాలి లేదు. అయినా ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి... సర్... సర్... ఎదురుగా ఒక్క బండీ లేదు. శనివారం రాత్రి దయ్యం భయానికి ఆ దారిలో ఎవరూ రారు.

మలుపు దగ్గర పడింది. గాలిలో ఏదో కంపు. దయ్యానికని జనం కోళ్లు కోసి వదిలిన కుళ్లిన ఎముకలు, పులిసిన అన్నం... వాటి కింద ఇంకేదో. బాగా తెలిసిన వాసన. ఏమిటో మాత్రం తట్టడం లేదు.

లైటు మలుపులోకి తిరిగింది —

గోడ పక్కన సుమన్ నిలబడి ఉన్నాడు.

అదే మొహం. అవే పళ్లు. నవ్వుతున్నాడు. మెడ కింద ఒళ్లు అటూ ఇటూ ఊగుతోంది.

దేవిదాస్ బ్రేకు పట్టాడు.

వెనుక చక్రాన్ని ఎవరో గుంజారు.

భుజం నేలకు తగిలింది. బండి ఈడ్చుకుపోయింది. ఫోను ఎగిరి మోరి కింద ఎక్కడో పడింది. హెడ్‌లైటు పగిలి చీకటైంది. ఒక్క ఇండికేటర్ మాత్రం వెలుగుతోంది... ఆరుతోంది... వెలుగుతోంది.

లేవబోయాడు. చెయ్యి జారింది. కింద తడి. నీళ్ల తడి కాదు... జిగట. వేళ్ల సందుల్లో సాగుతోంది. మొహానికి, మెడకు, నోట్లోకి కూడా అంటింది. దాంట్లో కోడి ఈకలు, నమిలి ఊసిన ఎముకలు, చీమలు, ఈగలు. గోడ పట్టుకుందామని చెయ్యి వేస్తే గోడ కూడా జారింది.

ఇండికేటర్ వెలిగింది. సుమన్ అక్కడే ఉన్నాడు. ఒంటి మీద మడత... మడత కింద అక్షరాలు — 'శ్రద్ధాంజలి'. వాడి ఫొటో, వాడి బండి ఫొటో అచ్చేసి స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ, పగటిపూట రోజూ చూసేదే. కింద తాడు తెగి గాలికి ఊగుతోంది.

దేవిదాస్‌కు ఊపిరి వచ్చింది. నవ్వు కూడా రాబోయింది.

మళ్లీ వెలిగింది. ఈసారి ఫ్లెక్సీ కింద నేల మీద ఏదో కదిలింది. పచ్చగా... సన్నగా... చీర కొంగు.

పసుపు పిందెల అంచు.

నవ్వు అక్కడే చచ్చింది. సంగీత చీర! ఇంట్లో ఉండాల్సిన సంగీత చీర ఈ చీకట్లో, ఈ దయ్యం కాళ్ల దగ్గర... "సంగీతా..." అన్నాడు. మోకాళ్ల మీద పాకి కొంగు పట్టి గుంజాడు.

కొంగు కాదు, జానెడు పీలిక. దాని చివర ఒక సీసా.

పక్కన గడ్డిలో ఇంకో సీసా. ఇంకోటి. పదులు. అన్నింటి మూతుల్లో సంగీత చీరలే... పచ్చది, అంతకుముందు చింపిన నీలిది, దానికంటే ముందటి ఎర్రది.

చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఇందాక తట్టని వాసన. అది ఆయన షాపు వాసనే. ముప్పై ఏళ్లుగా ఆయన ఒంటిదే.

బాపు వాసన.

దూరంగా రెండు బండ్ల చప్పుడు. ఒకటి డుగుడుగు, ఒకటి జుయ్యి. మలుపుకు ముందే ఆగాయి. లైట్లు ఆర్పేశారు. రెండు ఆకారాలు చెప్పులు విప్పి నడుచుకుంటూ వస్తున్నాయి.

"బావా... ఎవనిదో బండి పడ్డట్టుంది" అని గుసగుస.

"ఎవలదిరా? మా పార్టీదా, మీ పార్టీదా?"

మనిషి బతికున్నాడా, పోయాడా అని కాదు. ముందుగా అడిగింది అది! దేవిదాస్‌కు ఆ నూనె కంటే ఆ మాట ఎక్కువ రోత పుట్టించింది. తల నుంచి కాలిదాకా నల్లగా కారుతూ లేచి నిలబడ్డాడు.

"సుమనన్నా!" అని ఇద్దరూ కెవ్వున అరిచారు. చేతుల్లో సీసాలు రోడ్డు మీద భళ్లున పగిలాయి.

"చెదలు చచ్చినయార్రా?" అన్నాడు దేవిదాస్.

గొంతు గుర్తుపట్టి ఇద్దరూ చతికిలబడ్డారు.

"ఎన్ని రోజులసంది పోస్తున్నర్రా?"

"సుమనన్న పోయినకాన్నుంచి..." రాజీవ్ చేతులు జోడించాడు. "బిట్టుగాని కలలకొచ్చిండన్నా. బండిల ఆయిల్ అయిపోయింది, పొయ్యుండ్రి అన్నడట. అందుకే రెండు పార్టీలోళ్లం... శనారం శనారం..."

"చచ్చినోనికి పోసేది కూడా కాలిన ఆయిలేనారా? మీరు పోస్తే బండ్లు జారె. బండ్లు జారితే మీరు ఇంకింత పోస్తిరి. దయ్యం యాడుందిరా? మీ సీసాలనే ఉంది!"

అని, ఆగాడు. ఏదో తట్టింది.

"మరి సుమన్ పడ్డప్పుడు పోసిందెవడు?"

చెరుకు ఆకులు రాసుకున్నాయి. బిట్టు తల దించుకున్నాడు.

"అప్పుడు ఈ గోడ మీద కంపెనీ పేరు రాసే పందెముండెనన్నా. జుయ్యోళ్లది చెరిపి మాది రాద్దామని... ఆయిల్ సుమనన్నే తెచ్చిండు. సగం గోడకు పూసిండు, సగం రోడ్డు మీదికి కారింది. గా రాత్రే మళ్లొచ్చేటప్పుడు..."

"సీసా యాడికెళ్లి తెచ్చిండు?"

బిట్టు రోడ్డు మీద పగిలిన సీసా వైపు చూశాడు.

నోటితో చెప్పక్కర్లేదు. దేవిదాస్‌కు కళ్లకు కట్టింది — షాపు ముందు బండి దిగకుండానే చెయ్యి చాచి నవ్విన సుమన్. 'చెదలకు, అన్నా!' ఈ మోరికి చేరిన మొట్టమొదటి సీసా అది. ఎర్ర పీలిక.

అప్పుడే చెరుకు మీద వెలుగు పడింది. స్కూటీ లైటు.

వర్ష.

రోడ్డు మీద రెండు సీసాల ఆయిల్, గాజు పెంకులు. దేవిదాస్ పరుగెత్తాడు. రెండు చేతులూ ఎత్తి, జారుతూ, లేస్తూ, లైటుకు ఎదురుగా పరుగెత్తాడు. "ఆగు బిడ్డా! ఆగు!" ఇంజన్ చప్పుడులో మాట అందుతుందో లేదో. లైటు వెనుక ఉన్న పిల్లకు కనబడేది ఒకటే... చీకట్లోంచి మీదికొస్తున్న నల్లటి ఆకారం.

లైటు తడబడింది. ఒక పక్కకు వంగింది.

ఆగింది.

"బాపూ?"

దేవిదాస్ రోడ్డు మీద కూలబడ్డాడు. "మొహం కూడా కనబడ్తలేదు గదనే... ఎట్ల గుర్తువట్టినవ్?"

"వాసనతోని" అంది వర్ష. "పొద్దున చెప్పిన గదా."

ఆ రాత్రే దేవిదాస్ రెండు పార్టీల వాళ్లనూ నిద్రల్లోంచి లేపాడు. రైస్ మిల్లు నుంచి ఊక బస్తాలు మోయించి మలుపంతా చల్లించాడు. తెల్లారేదాకా గోడ రుద్దించాడు. నెత్తురనుకున్న నలుపు కింద సిమెంటు బయటపడింది. దాని మీద సగం గీకి రాసిన కంపెనీ పేరు, సుమన్ చేతిరాత.

వర్ష నౌకరీ నిలిచింది. ఆ మోరి దగ్గర ఇప్పుడు ఏ బండీ జారదు.

కానీ సుమన్ పడ్డాక గంటసేపు బతికే ఉన్నాడని, బోర్లా పడి లేవలేకపోయాడని అప్పట్లో దవాఖానలో చెప్పారు. ఆ గంటా వాడి ముక్కులోకి పోయిన వాసన ఏదో దేవిదాస్‌కు తెలుసు.

ఆయన ఇప్పుడు తన చెయ్యి ముక్కు దగ్గరికి రానివ్వడు, అన్నం చెంచాతో తింటాడు.