ఇరవై తొమ్మిది తర్వాత

ఇంగ్లీషులో అంకెలు చెప్పమంటే ట్వంటీనైన్ దాకా లూకా నోరు రైలుబండిలా పరిగెత్తేది. ఆ తర్వాత టక్కున ఆగిపోయేది.

"ముప్పైకీ మీకూ మాటల్లేవా ఏంటండీ?" అంది సరోజ, చాక్‌పీసు ఊపుతూ. అరుగు మీద స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు మొత్తం గొల్లుమంది.

"అది కాదు టీచర్‌గారూ. బాల్ బ్యాడ్మింటన్‌లో ఇరవై తొమ్మిదికి గేమ్ అయిపోద్ది కదండీ. పన్నెండేళ్ల నుంచీ స్కోరు అక్కడిదాకే చెప్తున్నా. ఆపైన తెలుగులో లెక్కేసుకుని ఇంగ్లీషులోకి మార్చుకోవాల్సొస్తంది."

సరోజ నవ్వాపుకుంది. కానీ సంగతి నవ్వులాట కాదు. సోమవారం బాపట్లలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో డ్రిల్ మాస్టారి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అరవైమంది పిల్లల్ని రోల్ నంబర్లతో తడబడకుండా పిలవాలి.

"ఇది కూడా పోతే కొల్లిపరలో అన్నయ్యతో అరటితోట చూసుకోవడమేనండీ. ఇంక తెనాలి రాను," అన్నాడు లూకా.

సరోజకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఎందుకో తనకే తెలిసి, తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు సాయంత్రం పాఠం లేదు. సరోజ చెంగు బిగించి, బ్యాటు పట్టుకుని లూకాతో ఆటకి పెరట్లోకి దిగింది. రిటైరైన లెక్కల మాస్టారు, ఆమె తండ్రి బాలస్వామి, కుర్చీ వేసుకుని అంపైరయ్యారు.

"మీ పాయింట్లు మీరే ఇంగ్లీషులో చెప్పుకోవాలి," అంది సరోజ.

లూకా ఆడుతూ పాడుతూ ట్వంటీనైన్‌కి చేరి బ్యాటు దించాడు. "గేమ్ అండీ."

"ఎవరన్నారు? నాన్నగారూ, గేమ్ అయ్యిందా?"

"కళ్లజోడు లోపలుందమ్మా. నాకేం కనపళ్లా," అన్నారాయన.

సరోజ సర్వీసు చేసేసింది. లూకా చెయ్యి దానంతటదే లేచింది. బంతి అవతల పడింది. "థర్... థర్టీ!"

వాన మొదలైంది. ఉన్ని బంతి తడిసి బరువెక్కింది. ఇద్దరూ ఆపలేదు. సిక్స్టీ దగ్గర సరోజ బ్యాటు దించి, "చాలు, అక్కడ ఉన్నది అరవైమందే," అంది.

సోమవారం మధ్యాహ్నం నుంచీ సరోజ గేటు దగ్గరే ఉంది, వానకు నానిన మల్లెమొక్కకి మళ్లీ నీళ్లు పోస్తూ. రైలు దిగి తిన్నగా వచ్చాడు లూకా.

"ఏమైందండీ?"

"ఒకటో తారీఖున చేరమన్నారు. కానీ ఒక తప్పు చేశానండీ. సిక్స్టీ దగ్గర ఆగలేక సిక్స్టీవన్ అనేశా. పిల్లలంతా ఒకటే నవ్వు."

"ఎందుకన్నారలా?"

"ఆ పాయింటు ఆడకుండానే మీరు బ్యాటు దించేశారు కదా. మన ఆట అక్కడితో అయిపోవడం నాకిష్టం లేదండీ. మీరంటే నాకు ప్రాణం. మరి మీకు?"

సరోజ చెవులు వేడెక్కాయి. అరుగు మీద బాలస్వామి కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు.

"ఇవాళ నాకన్నీ కనపడతన్నాయమ్మా. సర్వీసు నీదే, కానివ్వు."

సరోజ చెంబు కింద పెట్టింది. లూకా కళ్లలోకి చూసి, "సిక్స్టీటూ," అంది.