ముందు మేల్కొన్న తలుపు

హుసేన్ వలిని చంపింది తూటా కాదు, ఒక గేటు.

మైదుకూరు దాటాక కాలువ మీద ఉన్న గేట్ల గదిలో అతను టెక్నీషియన్. నీళ్లు ఆపిన రోజున గ్రీజు పట్టించడానికి కిందికి దిగాడు. అక్కడ ఎవరూ మీట నొక్కలేదు, అయినా గేటు లేచింది. రెండు కిలోమీటర్ల అవతల కాలువ అతన్ని గట్టుకు అప్పగించింది.

ముప్పై మూడు రోజుల తర్వాత, కర్నూలులో ఒక కుట్టుమిషన్ల దుకాణం పైగదిలో, గూఢచార విభాగాధిపతి ముంతాజ్ ఆ ఫైలును ఏజెంట్ శ్రీకాంత్ ముందుకు తోసింది.

"అది ప్రమాదం కాదు, విదేశీ ముఠా చేసిన రిహార్సల్. ఆ రోజు గేట్లను నడిపే కంప్యూటర్ పెట్టె ఆగి మళ్లీ లేవాలని వాళ్లే కరెంటు తీశారు. తర్వాత మనం బ్యాటరీలు పెట్టించాం. ఇక ఆ పెట్టె ఆగేది ఒక్కసారే. రేపు, ఆయుధపూజకు."

"సమయం?"

"పది గంటల పన్నెండు నిమిషాలు. మనవాళ్లు పెట్టెను ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, ముహూర్తానికి ఆన్ చేస్తారు. శత్రువుకు కావలసిన రీస్టార్ట్‌ను మనమే పంచాంగం చూసి ఇస్తున్నాం."

గేట్లను నడిపే ఆ చిన్న కంప్యూటర్‌కు రెండు నెట్‌వర్క్ పోర్టులు. ఒకటి గేట్ల వైపు తలుపు, రెండోది బయటి ప్రపంచం వైపు తలుపు. స్టార్ట్ అయిన ప్రతిసారీ, ముందు మేల్కొన్న పోర్టు పేరు ఈత్ జీరో, వెనక మేల్కొన్నది ఈత్ వన్. ఆజ్ఞలను వడపోసే ఫైర్‌వాల్‌కు పేర్లే తెలుసు: జీరో మనవాడు, వన్ పరాయివాడు. లోపలి పోర్టును రెండు సెకన్లు నిద్రపుచ్చితే చాలు, పేర్లు తారుమారవుతాయి. పరాయివాడు ఇచ్చే ఆజ్ఞకు గేట్లు లేస్తాయి.

ఇదంతా శ్రీకాంత్‌కు ఒకరు ముందే చెప్పారు. ఏడాది క్రితం సెక్షన్ ఇంజనీరు వేషంలో ఆ కాలువ ఆఫీసులో ఉన్నప్పుడు హుసేన్ వలి అర్జీ పట్టుకొచ్చాడు. "వచ్చిన వరుసను బట్టి వద్దు సార్, ఉండే చోటును బట్టి పేరు పెడదాం. ఎడమ స్లాటుది 'లోపల', కుడి స్లాటుది 'బయట'. ఎప్పుడు లేచినా అదే పేరు." ఆ కాగితం మీద శ్రీకాంత్ 'తర్వాత చూద్దాం' అని రాశాడు. కింద చేసిన సంతకం కూడా తన సొంతం కాదు.

ఆ కాగితం ఇప్పుడు ఫైలులో ఉంది. ముంతాజ్ దాన్ని చదివే ఉంటుంది.

"రేపు గదిలో స్వర్ణలత ఉంటుంది. కాలువ వాళ్లకు ఆడిటర్, ముఠాకు మనిషి, మనకు ఇన్ఫార్మర్. ఎవరికి ఎంత నిజమో నాకూ తెలియదు. పెట్టె సమయానికి లేవాలి, ఆజ్ఞ రావాలి, అది వచ్చిన అడ్రస్ మనకు చిక్కాలి. లేకపోతే ముఠా మాయమవుతుంది, కాలువ మీద ఇంకా ముప్పై ఒక్క పెట్టెలున్నాయి. కానీ గేటు లేవకూడదు."

మర్నాడు పది దాటి మూడు నిమిషాలకు, చామంతుల బుట్టతో ఒక పూలవాడు గేట్ల గది మెట్లెక్కాడు.

"ఏమప్పా, పూజ మొదలైనాక తెస్తావా పూలు?" కావలి బసవన్న రిజిస్టర్ ముందుకు జరిపాడు. "పేరు రాసి పో. రాయకుంటే దేవుడొచ్చినా లోపలికి పంపేది ల్యా."

వీరేష్ అని రాశాడు శ్రీకాంత్. కాలువలోకి చూసి ఆగిపోయాడు. "కింద ఎవరు?"

"ఈరక్క వాళ్లు, పద్దెనిమిది మంది. పూడిక తీస్తాండారు. పండగ పూట వద్దంటే ఇన్రు."

"పైకి పిలువన్నా. బొరుగులు తెచ్చినా, పంచాల."

"కాయ కొట్టకముందే ప్రసాదమా? శానా తొందరప్పా నీకు." గొణుక్కుంటూ బసవన్న మెట్లు దిగాడు.

గదిలో పచ్చని ధర్మవరం పట్టుచీరలో స్వర్ణలత నిలబడి ఉంది. ఆగిన పెట్టె మీద పసుపు, కుంకుమ; బొట్టు పెట్టిన సిబ్బంది కొబ్బరికాయ కోసం బయటికెళ్లారు.

"ఇక్కడ నన్నారి షర్బత్ దొరుకుతుందా?" అన్నాడు శ్రీకాంత్.

"దొరుకుతుంది. ఉప్పు వేసుకొని తాగాలి."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "లోపలి పోర్టులో చిప్ పెట్టింది నేనే. హుసేన్ వలి పోయిన రోజున పెట్టి తీసేశాను, నిన్న మళ్లీ పెట్టాను. ఇప్పుడు తీస్తే వాళ్లకు సిగ్నల్ వెళుతుంది. కింద మనిషి ఉంటాడని వాళ్లు నాకు చెప్పలేదు. అతను నాకు టీ ఇచ్చి వెళ్లాడు, కిందికి దిగాడని తర్వాతే తెలిసింది."

"తెలిసి ఉంటే?"

ఆమె గడియారం వైపు చూసింది. అడిగే అర్హత తనకు లేదని అతనికీ తెలుసు. ఆమె ఒక చిప్ పెట్టింది, తాను రెండు మాటలు రాశాడు. ఏది బరువో ఏ త్రాసు చెబుతుంది?

పెట్టెలోంచి మెమరీ కార్డు తీసి, చామంతుల అడుగున దాచిన రీడర్‌లో పెట్టి ఫోన్‌లో తెరిచాడు. హుసేన్ వలి రాసిన పేర్ల నియమాలు అందులోనే ఉన్నాయి. ఆ పేర్లతోనే ఫైర్‌వాల్ కూడా సిద్ధంగా ఉంది. ప్రతి వరుస ముందూ ఒక హ్యాష్ గుర్తు. అది ఉన్నంతకాలం ఆ వరుసకు ప్రాణం లేదు. పైన ఒక గమనిక: 'సార్ అనుమతి ఇచ్చాక గుర్తులు తీయాలి.'

సార్ ఒక్కొక్క గుర్తే తీశాడు. కార్డు పెట్టెలోకి చేరేసరికి పది గంటల పదకొండు. కిటికీలోంచి చూస్తే పదిమందే మెట్ల మీద ఉన్నారు.

"ఒక్క నిమిషం ఆగండి."

"పన్నెండు," అంటూ స్వర్ణలత స్విచ్ వేసింది.

కుడి దీపం ముందు వెలిగింది. ఎడమది రెండు సెకన్లు వెనక. హుసేన్ వలి కింద ఉన్న రోజున కూడా ఇలాగే వెలిగి ఉంటాయి. తెరపై పేర్లు పడ్డాయి: బయట. తర్వాత లోపల. వెంటనే ఆజ్ఞ వచ్చింది: నాలుగు గేట్లూ ఎత్తు. వచ్చిన దారి: బయట.

తిరస్కరించబడింది.

గేట్లు కదలలేదు. ముఠా అడ్రస్ తెరపై నిలిచింది. శ్రీకాంత్ ఫోన్ నుంచి క్షణంలో కర్నూలు చేరింది.

చివరగా మెట్లెక్కిన ఈరక్క నడుముకు చేతులు ఆనించింది. "బొరుగులు యాడప్పా?"

బుట్టలో చామంతులే ఉన్నాయి.

"ఉత్త చేతుల్తో పిలిచినావా? బాగుండాది నీ యవ్వారం." ఆమె కొంగుతో బురద తుడుచుకుంది. ఆమె తిట్టు అతనికి ఆ నెలలో విన్న మాటలన్నిటిలోకీ ఊరటగా అనిపించింది. ఆ ఊరట మీద తనకు హక్కు లేదనీ అనిపించింది.

విభాగం జీపు వచ్చింది. స్వర్ణలత తనంతట తానే సంకెళ్లకు చేతులు చాచింది. మన మనిషి అనాలో, శత్రువు అనాలో శ్రీకాంత్‌కు తెలియలేదు. ఏ పేరుతోనూ పిలవకుండానే సాగనంపాడు.

వెళ్లేటప్పుడు రిజిస్టర్‌లో 'పని ముగించినవారు' అన్న గడిలో హుసేన్ వలి అని రాశాడు.

బసవన్న కళ్లజోడు సర్దుకున్నాడు. "ఈయప్ప పోయి నెల దాటె గదప్పా."

"ఔనన్నా. ఈ పొద్దు పని ఆయనే చేసినాడు."

బసవన్న రిమార్కుల గడి ఖాళీగా వదిలే మనిషి కాడు. పెన్ను తీసి రాశాడు: ముప్పై నాలుగు రోజులు ఆలస్యం.