చివరి గదిలో పదో సెకను

మా ఆఫీసు మూడో అంతస్తులో చివరి గదికి మంచి పేరు లేదు. రాత్రిపూట అక్కడ ఒంటరిగా కూర్చుంటే ఎవరో తలుపు కొడతారని... తీస్తే ఎవరూ ఉండరని అంటారు. ఎవరు విన్నారని అడిగితే మాత్రం, విన్నవాడు ఈపాటికి ఉద్యోగం మానేసి ఉంటాడు. దెయ్యాల విషయంలో సాక్షులు ఎప్పుడూ చేతికి దొరకరు.

నేనూ వినలేదు. నేను రెండో అంతస్తులో కూర్చుని మా సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసుకునేవాణ్ణి. ఇదంతా కొత్తమ్మాయి చెప్పింది. ఆఖరి ముక్క మేనేజర్ చెప్పాడు, కాబట్టే నమ్మాను. ఒళ్ళు కాలిపోతున్నా థర్మామీటర్ చూపిస్తే తప్ప జ్వరమని ఒప్పుకోని మనిషి ఆయన.

ఆ గదిలో ఉన్నది ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పాత మెషీన్. దాన్ని ‘ముసలిది’ అంటాం. దాని ఫ్యాను ఆయాసపడుతూ మెట్లెక్కుతున్నట్టు తిరుగుతుంది.

మేము రాసే లైబ్రరీలో, అంటే వేరే కంపెనీలు తమ యంత్రాల్లో పెట్టుకునే కోడ్ మూటలో, ముఖ్యమైనది టైమర్. పది సెకన్లకి లేపమంటే పది సెకన్లకి లేపాలి, అంతే. అదే కోడ్ మూడు రకాల మెషీన్ల మీద కంపైల్ అవ్వాలి, అంటే ఆ మెషీన్ భాషలోకి మారాలి. వాటిలో మూడోది ముసలిది. దాన్ని పారెయ్యకపోవడానికి కారణం ఉంది — ఆసుపత్రుల్లో మంచం పక్కన పెట్టే మందు పంపుల్లో ఉండేదీ అదే చిప్. సీసాలో మందు అయిపోయే వేళకి నర్సుని పిలిచే గంట మా టైమర్‌ని నమ్ముకునే మోగుతుంది.

కానీ టైమర్ సరిగ్గా లేపుతోందో లేదో చూసే పరీక్షలు ముసలిదాని మీద కంపైల్ అవ్వవు. మిగతా రెండూ నోరెత్తకుండా మింగే కోడ్‌కి ఇది నలభై తప్పులు చూపిస్తుంది. అందుకని మావాళ్ళకి ఒక అలవాటు పడింది. దాన్ని ‘కంచె’ అంటారు. ఒప్పుకోని పరీక్షకి పైన ఒక లైను, కింద ఒక లైను — ‘ఈ మెషీన్ అయితే ఇది వదిలెయ్’ అని. అది వదిలేస్తుంది. అంతా బాగున్నట్టు పచ్చ లైటు వెలుగుతుంది. పరీక్షే రాయనివాడు తప్పేదెలా?

మొదటి కంచె వేసింది పెద్దాయన. ఆ గదిలో పదకొండేళ్ళు కూర్చున్న మనిషి. లైబ్రరీ తెల్లారేసరికి వెళ్ళాలి, ఈ పూటకి కంచె వేసెయ్యమని పైవాళ్ళు పట్టుబట్టారు. వేశాడు. ఇంటికెళ్ళాడు. పొద్దున లేవలేదు... నిద్రలోనే పోయాడు.

గదికి చెడ్డపేరు వచ్చింది ఆ తర్వాతే.

ఇక కొత్తమ్మాయి సంగతి. చేరి అప్పటికి ఆరు నెలలు. ఉద్యోగం ఖాయమవుతుందో లేదో మర్నాడు తేలాలి. భర్త పనిచేసే వర్క్‌షాపు మూతబడింది, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆ సాయంత్రం మేనేజర్ ఒక్కటే మాట చెప్పాడు — పొద్దున ఎనిమిదింటికి పంపుల కంపెనీకి లైబ్రరీ వెళ్ళాలి, ముసలిదాని మీద పచ్చ లైటు లేకపోతే నువ్వూ రానక్కర్లేదు అని.

ఆమె పైకి వెళ్తుంటే వాచ్‌మన్ మెట్ల దగ్గర ఆపాడు.

“తలుపు చప్పుడైతే తీయకండమ్మా,” అన్నాడు మెల్లగా.

నవ్వి వెళ్ళిపోయింది.

పదకొండు దాటింది. కొత్తగా చేరిన టైమర్ పరీక్షలో తప్పులు ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయాయి. ఒకటి తీస్తే రెండు మొలుస్తున్నాయి. భర్తకి ఫోన్ చేసింది. అందరూ వేసిన కంచే కదా, వేసి వచ్చెయ్ అన్నాడు ఆయన. నిజమే కదా అనిపించింది. పైన ఒక లైను, కింద ఒక లైను రాసి కంపైల్ నొక్కింది.

పచ్చ లైటు వెలిగింది. హమ్మయ్య అనుకుని బ్యాగు అందుకుంది.

టక్.

చెక్క మీద చెక్క కొట్టినట్టు... ఒక్కసారి.

తలుపు తీసింది. వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీ. లిఫ్టు కింది అంతస్తులోనే ఉంది. ఏదో కిటికీ రెక్క అనుకుంది. కానీ వెళ్ళేముందు ఇంకోసారి చూసుకుందామని మళ్ళీ నొక్కింది.

టక్.

ఈసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసింది. నొక్కింది. అంకెలు చూసింది... ఎనిమిది... తొమ్మిది... పది.

టక్.

లేచి పారిపోవాల్సిందే. పోలేదు. పది సెకన్లంటే టైమర్ పరీక్షే కదా, మనిషి చేసిన లెక్క కదా, దెయ్యానికి స్టాప్‌వాచ్ ఎందుకు అనుకుందట! ఫోన్ లైటు వేసుకుని బల్ల వెనక్కి దూరింది. అక్కడ బూజు కింద కనిపించింది — చిటికెన వేలంత చెక్క సుత్తి. బల్లకి మేకులతో బిగించి ఉంది. దాని నుంచి రెండు తీగలు ముసలిదానిలోకి వెళ్తున్నాయి.

పెద్దాయన పని అది. టైముకి లేచావా అని మెషీన్‌నే అడగడం దొంగ చేతికి తాళం ఇవ్వడమేనని ఆయన వాదన. అందుకే టైమర్ మోగగానే సుత్తి బల్ల మీద కొట్టేలా పెట్టుకున్నాడు. తన చేతి గడియారం చూసుకుంటూ, తన చెవులతో వినేవాడు.

ఇదా మీ దెయ్యం! కొత్తమ్మాయికి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఒక మనిషి ఇంత శ్రద్ధగా కాపలా కాసిన పరీక్ష మీదకి తను రెండు లైన్లు పడేసి ఇంటికి పోబోతోంది. ఫైలు పైకి వెళ్ళి చూసింది. అన్నిటికంటే పాత కంచె పక్కన ఆయన రాసుకున్న మాట అలాగే ఉంది.

‘తాత్కాలికం. రేపు తీసేస్తాను.’

ఆ రేపు రాలేదు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికి రావడం లేదని భర్తకి మెసేజ్ పెట్టింది. తన కంచె, ముందువాళ్ళ కంచెలు, పెద్దాయన కంచె... అన్నీ పీకేసింది.

తెల్లారే దాకా పోరాడింది. కొన్నిచోట్ల ‘ఆగు’ అనే ఆజ్ఞ ముసలిదానికి వేరే పేరుతో చెప్పాల్సి వచ్చింది. కొన్నిచోట్ల అది సమయాన్ని దాచుకునే గడి చిన్నది, పెద్ద అంకె పట్టదు. తప్పులు ఇరవై... తొమ్మిది... రెండు. నాలుగున్నరకి మొదటిసారిగా, ఒక్క కంచె కూడా లేకుండా కంపైల్ అయింది. పరీక్ష నడిచింది.

సుత్తి లేచి బల్ల మీద కొట్టింది — పద్నాలుగో సెకనుకి.

తన కళ్ళే మోసం చేశాయనుకుంది. మళ్ళీ చేసింది. పద్నాలుగు. మళ్ళీ. పద్నాలుగే. పదికి నాలుగు ఆలస్యమైతే, గంటకి ఎన్ని నిమిషాలో వేసుకోండి. ఎవరి మంచం పక్కనో మందు అయిపోయాక కూడా ఆ గంట మోగకుండా ఊరుకుంటుంది. ఎర్ర లైటు ముందు కూర్చుని మేనేజర్‌కి ఫోన్ చేసింది.

ఏడింటికి వచ్చాడు, నిద్ర కళ్ళతో, కోపంగా. సుత్తిని చూసి పెదవి విరిచాడు. పద్నాలుగంటే నమ్మలేదు. నీ నిద్రమత్తే నాలుగు సెకన్లు ఉంటుందన్నాడు. తలుపు మూసి, దానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని, తన వాచీ ముందు పెట్టుకున్నాడు.

“నొక్కు.”

నొక్కింది. ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు... ఎనిమిది... తొమ్మిది... పది.

టక్.

“ఇదిగో, సరిగ్గా పది,” అన్నాడు తల ఎత్తకుండానే. “ఆ ఎర్ర లైటుకి కంచె వేసి పంపించెయ్.”

కొత్తమ్మాయి సుత్తినే చూస్తోంది. సుత్తి కదల్లేదు.

“సార్...” అంది గుసగుసగా. “ఇటు చూడండి.”

ఆయన చూశాడు. ఇద్దరూ చూస్తుండగానే చిన్న సుత్తి నెమ్మదిగా లేచి, బల్ల మీద కొట్టింది. వాచీలో పద్నాలుగు.

మొదటి టక్ ఆయన వీపు వెనక నుంచి వచ్చింది. రాత్రి తను విన్నవన్నీ పదో సెకనువే అని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు కంచెల వెనక ఏ పరీక్షా నడవడం లేదు కూడా. సుత్తి కొట్టే వీలే లేదు.

మేనేజర్ ఫోన్ తీశాడు. లైబ్రరీ ఇవాళ రాదని, టైమర్ తప్పు తిరుగుతోందని పంపుల కంపెనీకి చెప్పాడు. కొత్తమ్మాయి ఉద్యోగం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఫోన్ పెట్టేసి, కుర్చీని మెల్లగా తలుపు వైపు తిప్పాడు. తీయడానికి లేవలేదు.

“తీసేశాం పెద్దాయనా,” అన్నాడు మూసిన తలుపుతో. “కంచె తీసేశాం.”