ఓబులయ్య తిప్పలేని తాళం

ఓబులయ్య పట్టపగలే బుడ్డిదీపం వెలిగించి, కొత్త తాళంచెవికి నల్లగా మసి పట్టించాడు. దాన్ని భోషాణం తాళంలో దూర్చి, మెల్లగా కదిపి, బయటికి తీసి చూశాడు. లోపల ఎక్కడ తగిలితే అక్కడ మసి మీద గీత పడుతుంది. ఆ గీత పడినచోట ఆకురాయితో అరగదీయాలి.

పొద్దున్నుంచి ఇది ఏడోసారి.

పక్కన కోటమ్మ కూర్చుంది. ఐదో క్లాసు చదివే ఆ పిల్లకు ఒక సంగతి తెలుసు. అది ఇంకెవరికీ తెలియదు.

మొన్న సంగంలో పెన్న ఏటికి స్నానానికి పోయినప్పుడు అవ్వ బొడ్లో దోపుకున్న తాళంచెవి నీళ్లలో జారిపోయింది. తనే భోషాణం తెరిస్తే అందరూ మెచ్చుకుంటారని, నిన్న కోటమ్మ జడపిన్ను తాళంలో పెట్టి తిప్పింది. పిన్ను విరిగి సగం లోపలే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు తాళాల ఓబులయ్య వస్తున్నాడు కదా, ఆయనే చూసుకుంటాడులే అనుకుంది.

"గీత ఒక్కోతూరి ఒక్కోచోట పడతా ఉండాది. నలభై ఏండ్లల్లో ఇట్టాంటి తాళం చూళ్ళా" అన్నాడు ఓబులయ్య.

"సాయంత్రం బస్సుకు నేను నెల్లూరు పోవాల. పొలం కాగితాలు అందులోనే ఉండాయి" అన్నాడు కోటమ్మ నాయన మల్లికార్జునం. గునపం తెచ్చి గోడకు ఆనించాడు.

"అది మా అమ్మ ఇచ్చిందిరా. పగలగొట్టబాక" అంది అవ్వ.

చూడటానికి వచ్చిన ఎదురంగడి జనార్దనయ్య నవ్వాడు.

"తాళం బాగానే ఉండాది. తాత కండ్లకే తుప్పు పట్టినాది."

పోయి తన అంగడి మెట్ల మీద కూర్చున్నవాళ్లకు అదే మాట చెప్పాడు. వాళ్ల నవ్వులు ఇంట్లోకి వినిపించాయి.

ఓబులయ్య ఆకురాయిని గుడ్డలో చుట్టి ముడి వేశాడు.

"పగలగొట్టుకోండి నాయనా. నాకు చాతగాలా."

మల్లికార్జునం గునపం అందుకున్నాడు.

కోటమ్మ లేచి భోషాణానికి అడ్డం నిలబడింది.

"ఆగు నాయనా. లోపల నా జడపిన్ను ముక్క ఉండాది. నిన్న నేనే పెట్టి తిప్పినా. ఇరిగిపోయింది."

నాయన చూపు చూసి తల దించుకుంది.

"ఏ పక్కకి తిప్పినావమ్మా?" అని అడిగాడు ఓబులయ్య.

"కుడిపక్కకి."

సన్నటి పట్టకారు తాళంలోకి పోయింది. చాలాసేపటికి నల్లటి ముక్క బయటికి వచ్చింది. మళ్లీ మసి, మళ్లీ గీత, మళ్లీ ఆకురాయి. ఈసారి రెండుసార్లు చూసినా గీత ఒకే చోట పడింది. అక్కడ అరగదీశాక తాళం తిరిగింది.

"పొద్దున్నే చెప్పుంటే, ఈపాటికి బస్సులో నిద్రపోతా ఉండేవాణ్ణి" అన్నాడు ఓబులయ్య.

నాయన కాగితాలు తీసుకుని, కోటమ్మతో "నీ సంగతి వచ్చినాక చూస్తా" అన్నాడు.

ఓబులయ్య సంచి భుజాన వేసుకుని వీధిలోకి దిగాడు.

"ఏం తాతా, గునపమే గెలిచిందా?" అన్నాడు జనార్దనయ్య. మెట్ల మీద మళ్లీ నవ్వులు లేచాయి.

ఓబులయ్య తలెత్తకుండా నడుస్తున్నాడు.

కోటమ్మ పరుగున వీధి దాటి అందరి ముందూ నిలబడింది. చెవులు వేడెక్కాయి.

"తాత కండ్లు బాగుండాయి మామా. తాళంలో పిన్ను ఇరగ్గొట్టింది నేను. ఇందాక ఎవరెవరికి చెప్పినావో, వాళ్లందరికీ ఇది గూడా చెప్పు."