పోలయ్య కింద నేల

ఏడోసారి కూడా పోలయ్య పడిపోయాడు. ఆయన పోయి ముప్ఫై ఏళ్లయింది. అయినా గాజుగోడ ఇవతల నిలబడి చూస్తున్న శిష్యురాలు నూకరత్నానికి ఆ దెబ్బ తన దవడకే తగిలినట్టయింది.

విశాఖలో ఆ ఏడు కొత్తగా వచ్చిన యంత్రం పేరు కాలరింగ్. పాత వీడియోలు పెడితే చాలు, బాక్సర్ ఎముకల పొడవు, బరువు, వేగం, అలవాట్లు లెక్కగట్టి వెలుగుతో ఆ మనిషిని మళ్లీ నిలబెడుతుంది. ఏ కాలం వాణ్ణయినా మరో కాలం వాడితో తలపడేట్టు చేస్తుంది. అందులో గెలిచిన పద్ధతే ఇకమీదట నేర్పాలని, మిగతావి మూసెయ్యాలని క్రీడామండలి తేల్చేసింది. పోలయ్య పద్ధతి నేర్పే చోటు ఊరు మొత్తానికి ఒక్కటే, హార్బర్ పక్కన నూకరత్నం రేకుల షెడ్డు.

యంత్రం కనిపెట్టిన డాక్టర్ ఇందుశేఖర్ మంచివాడే. కాళ్లు ఎడంగా పెట్టడం, ఎడమచేయి దించడం పాతకాలపు లోపాలని, ఈనాటి చాంపియన్ ముందు అవి నిలవవని ఓపిగ్గా చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుందేమోనని నూకరత్నం చాలాసేపు తమాయించుకుంది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"ఆళ్ల కింద నేల ఎవరిది బాబూ?"

పోలయ్య రోజుల్లో హార్బర్ కూలీలకు రింగెక్కడిది? సరుకు దించాక ఖాళీ అయిన పంటు పడవ మీదే, నీళ్లలో అది ఊగుతుండగానే కొట్టుకునేవాళ్లు. కాళ్లు దగ్గర పెట్టినవాడు సముద్రంలో తేలేవాడు. ఎడమచేయి దించేది సమతూకం కోసం. యంత్రం మనుషుల్ని ఉంచుకుని, వీడియోల్లోని పంటునీ నీళ్లనీ చెరిపేసింది.

"మీవోణ్ణి మా పంటెక్కించండి. లోపం ఎవరిదో అప్పుడు సెప్పండి."

డాక్టరు ఆమెను పొమ్మనలేదు. యంత్రంలో నేలని ఊగించాడు. మొదటి అలకే చాంపియన్ తూలాడు, రెండో రౌండుకి వెల్లకిలా పడ్డాడు. వంద పోటీల్లో తొంభైఒకటి పోలయ్యవే. నూకరత్నం అందరి ముందే ఏడ్చింది, సిగ్గుపడలేదు.

నేల మారితే విజేత మారతాడని డాక్టరు నివేదిక రాశాడు. మండలికి అంత చదివే తీరిక లేదు, వాళ్లకి కావలసింది ఒక్క పేరు. పోలయ్య పద్ధతి రాష్ట్రమంతటా తప్పనిసరి అయింది. కదలని సిమెంటు నేల మీద పిల్లలు కాళ్లు ఎడంగా పెట్టి, చేయి దించి, దవడలు వాయగొట్టించుకున్నారు.

మూడు నెలలకి తనిఖీవాళ్లు నూకరత్నాన్నీ కొలిచారు. ఆమె నిలబడే తీరు పోలయ్యతో అరవైరెండు శాతమే కలిసిందట. నేర్పడానికి అర్హురాలు కాదన్న కాగితాన్ని డాక్టరే తల దించుకుని తెచ్చాడు.

ఆమె నవ్వింది. పోలయ్య ఆరడుగుల మనిషి, ఆమె ఐదడుగులు కూడా లేదు. మొదటిరోజే తనలా నిలబడబోయిందని ఆయన మడమ మీద తన్నాడు. నీ కాలేటంటదో అలగ నిలబడు అన్నాడు.

"ఆయన్ని గెలిపించింది నేను. ఆయన పేరు సెప్పి నన్నే ఆపుతారా? ఆపమనండి, సూద్దాం. మీరు బూట్లిప్పి పంటెక్కండి బాబూ."

డాక్టరు బూట్లు విప్పాడు. షెడ్డు ముందు కట్టిన పంటు ఊగింది. ఆయన పడ్డాడు, లేచాడు, మళ్లీ పడి మళ్లీ నిలబడ్డాడు. ఆ నిలబడటం ఏ కోశానా పోలయ్యలా లేదు.

నూకరత్నం సరిచేయలేదు.